మహారాజశ్రీ ఫ్లెక్సీ వారి సముఖానికి

ఆదోని, ఎమ్మిగనూరు పురజనులు నమస్కరించి చేసుకునే విన్నపం.

అయ్యా,

ఈ అర్జీ మున్సిపల్ కమిషనరు గారికి పెట్టుకోమని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. ఆలోచించి చూశాం. కమిషనర్లు బదిలీ అవుతారు, చైర్మన్లు మాజీలవుతారు. ఆదోని మున్సిపాలిటీ 1865 నాటిది. అప్పటినుంచి ఎందరు వచ్చారో, ఎందరు పోయారో. ఎవరు వచ్చినా కూడలిలో దిగకుండా ఉన్నది తమరొక్కరే. అందుకని అసలు అధికారికే రాసుకుంటున్నాం.

తమరు లేనిదే మా దగ్గర ఏ పనీ మొదలు కాదు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు తేరు కదలకముందే తమరు లేస్తారు. ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మవ్వ రథోత్సవానికి వచ్చే భక్తులకు స్వాగతం పలికేదీ తమరే. అవ్వ బొమ్మకు ఒక మూల చాలు, తక్కిన మూడు మూలలూ స్వాగతం పలికే అన్నలకే సరిపోవు. క్లబ్బువాళ్ల కంటి శిబిరం కానీ, కుర్రాళ్ల క్రికెట్ టోర్నమెంటు కానీ, పదో తరగతి ఫలితాలు కానీ, ఎవరికో అశ్రునివాళి కానీ, ముందు తమరి కొలతలు తేలాలి. ముఖ్య అతిథి ఎవరన్నది ఆ తరవాతి మాట. ఫొటోల వరసలో ఎవరి తల ఎవరి తలకంటే చిన్నదైందన్న పంచాయితీతో సంఘాలు చీలిన సంగతి తమరికి చెప్పేదేముంది? తమరి మీదే కదా ఆ తలలన్నీ.

2025 జనవరి 18 నుంచి స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర అని ప్రతి నెలా మూడో శనివారం ఊళ్లు ఊడ్చే కార్యక్రమం పెట్టారు. మంచి పనే, కాదనం. ఆ పూట కొత్త చీపుర్లు పట్టుకున్నవాళ్లు వరసగా నిలబడి, వెనక తమరిని కట్టుకుని ఫొటో దిగుతారు. తమరి గుండెల మీద ‘ప్లాస్టిక్ వద్దు’ అని ఉంటుంది. ఇంత నిబ్బరం ఇంకెవరికైనా ఉంటుందా దొరా! తమరి ఒళ్లంతా పాలిస్టరు వల, దానికి పీవీసీ పూత. ఆ రెంటినీ విడదీసి మళ్లీ వాడుకోవడం అంత సులువు కాదు. తగలబెడితే ముక్కు మండించే ఆమ్లపు ఆవిరీ, డయాక్సిన్లూ వస్తాయి. గుజిరీ అంగడాయన ఇనుము కొంటాడు, అట్టలు కొంటాడు, పాతపేపర్లు కొంటాడు, తమరిని చూడగానే తక్కెడ లోపల పెట్టేస్తాడు. తడి చెత్తా పొడి చెత్తా అని మేం ఇంట్లో వేరు చేస్తూనే ఉన్నాం. ఇరవై అడుగుల తమరిని ఏ బుట్టలో వేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తమరికి తెలియనిదొకటి ఉంది. మా సీమకు పారేయడం పెద్దగా చేతకాదు. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తినే చూడండి. జిన్నింగులో దూది ఒకవైపు, గింజ ఒకవైపు పోతాయి. గింజకు అంటుకున్న పొట్టి నూగును కూడా వదలరు, దానికీ గిరాకీ ఉంది. గింజలోంచి నూనె వస్తుంది, మిగిలిన చెక్క బర్రెలకు. చేలో నిలిచిన కట్టె పొయ్యిలోకి. వేరుసెనగ పొట్టు బాయిలర్లకు పోతుంది. అంతదాకా ఎందుకు, ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు జరిగే పిడకల సమరం సంగతి తమరు వినే ఉంటారు. వీరభద్రస్వామి వైపు కొందరు, భద్రకాళి వైపు కొందరు చేరి పిడకలతో కొట్టుకుంటారు. ఊరూరా జనం చూడ్డానికి వస్తారు. అంత యుద్ధంలో వాడిన ఆయుధం పేడ. దెబ్బలు తగిలితే గుడి విభూతి రాసుకుంటారు. మర్నాటికి మిగిలే పిడక తునకలు ఏ పొలంలో పడినా ఎరువే. పేడతో ఇంత సంబరం చేసుకునే జనానికి, ఒక పుట్టినరోజు శుభాకాంక్ష చెప్పడానికి పీవీసీ కావలసి వచ్చింది.

మాకు కడుపు మండేది ఇక్కడే. ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న రెండు ఊళ్లలో ఒకటి పత్తి ఊరు, ఇంకొకటి నేత ఊరు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాలకు దారి చూపారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి సర్కిల్లో ఇప్పుడు చేనేత దినోత్సవ శుభాకాంక్షలు కూడా తమరే చెబుతున్నారు.

ఒకప్పుడు ఇక్కడ ఎర్రగుడ్డ మీద తెల్లక్షరాలు రాసే పెయింటర్లు ఉండేవాళ్లు. పేరు చివర ‘ఆర్ట్స్’ అని పెట్టుకునేవాళ్లు. సభ అయ్యాక ఆ గుడ్డ ఉతికితే ఎవరింట్లోనో దిండు గలీబు అయ్యేది. 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి తమరిని నిషేధిస్తున్నాం, ఇక బట్ట బ్యానర్లే అన్నారు. మాకు ఆశ పుట్టింది. ప్రింటింగు యంత్రాలకు అప్పులు తెచ్చుకున్నవాళ్లు గడువు అడిగారు, గడువును 2023 జనవరి 26కు జరిపారు. అప్పు తెచ్చుకున్నవాడి బాధ బాధే, వాళ్లను తప్పు పట్టం. కానీ కుంచె పట్టుకున్నవాళ్ల బతుకులు పోయిననాడు వాళ్ల తరఫున గడువు అడిగిన నాథుడు ఎవడూ లేడు. ఏ గడువు దాటినా తమరు మాత్రం నవ్వుతూనే ఉన్నారు, తమరి మీద ఉన్నవాళ్లందరితో కలిసి.

ఇంకో సంగతి కూడా విన్నవించాలి. ప్లాస్టిక్ గోతాల పోగులు పత్తిలో కలిస్తే మిల్లుకు చేటు. నూలుకు పట్టిన రంగు ఆ పోగుకు పట్టదు, బట్ట అద్దాక గీతలా బయటపడుతుంది. రైతు తెచ్చిన సరుకుకు ధర తెగ్గోయడానికి అదొక సాకు. ఇప్పటికే ఆ బెడద ఉంటే, గాలికి చిరిగిన తమరి పీలికలు కూడా దూది బళ్ల మీద వాలితే ఎట్లా?

తమరిలో మంచి లేదని అనబోం. పదవి దిగాక తమరు మారిపోతారు. ఉగ్గాని బజ్జి బండికి నీడ అవుతారు, గుడిసె కప్పు మీద వాన ఆపుతారు. వేరుసెనగ కాయలు తమరి మీదే ఎండుతుంటాయి, ముఖ్య అతిథి గారి నుదుటి మీద కోడి తిరుగుతూ ఉంటుంది. తమరు జనానికి ఉపయోగపడేది అప్పుడే. ఆ రెండో ఉద్యోగంలోకి కాస్త తొందరగా రమ్మనే మా ప్రార్థన.

కోరికలు ఎక్కువేం లేవు. తమరి మీద అందరి పేర్లూ ఉంటాయి, తమరు దిగే తేదీ మాత్రం ఉండదు. దాన్ని కూడా అచ్చు వేయించుకోండి, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. ఆ తేదీ దాటితే దించే కూలీ, అదే వరుసలో ఫొటోలున్న అన్నలందరి మీదా సమానంగా వేయాలి, తల సైజు ఎంతదైనా సరే. పోతే క్లబ్బుల ప్రమాణస్వీకారాలకూ, జాతర స్వాగతాలకూ ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ వాడుకోవడానికి సెలవిప్పించండి. రాసే చేతులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, అడిగితే చిరునామాలు చెబుతాం.

దిగడానికి తమరికి ఇబ్బంది అనిపిస్తే కబురు పెట్టండి. నిచ్చెనా తాళ్లూ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
తమరి కింద నిలబడి, అటునుంచి వచ్చే బస్సు కనిపించక రోజూ మెడ చాచే ప్రయాణికులు