కొనుగోళ్ళ కమిటీ వారి దివ్యసముఖానికి

అయ్యా,

కేంద్రం డబ్బుతో నడిచే సంస్థలో మంచం కొనాలన్నా ఎంత తతంగమో బయటివాళ్ళకు తెలియదు. మీకు మాత్రం అదొక కష్టమే కాదు. ఎవరి దగ్గర కొనాలో ముందు తేల్చుకుంటారు, ఎలాంటివారి దగ్గర కొనాలో తరవాత రాసుకుంటారు. పెళ్ళికొడుకు ఖాయమయ్యాక జాతకం రాయించినట్టు. ఇక పొంతన కుదరకపోవడమన్న మాటెక్కడిది?

హాస్టల్ మంచాల టెండరు చదివాక మీ మీద భక్తి రెట్టింపయింది. కొనే వస్తువుకు అక్కరలేని హంగులు కోరకూడదని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి 144వ నిబంధన చెబుతుంది. మీరూ హంగులకు పోలేదు. పైపు మందం 1.27 మిల్లీమీటర్లు, రంగు పావురం బూడిద, తలవైపు పట్టీలు ఏడు, అంతే. ఏడే ఎందుకండీ అని ప్రీ-బిడ్ సమావేశంలో ఒక కుర్రాడు అడిగాడు. "సాంకేతిక అవసరం" అని మినిట్స్‌లో రాయించారు. ఆరు పట్టీల మంచం మీద నిద్ర పట్టదని ఏ శాస్త్రంలో ఉందో గాని, ఏడు పట్టీల మంచం ఒక్క కంపెనీ కేటలాగులోనే ఉంది. పేరెత్తకుండా నఖశిఖ పర్యంతం వర్ణించడం ప్రబంధ కవులకైనా ఇంత బాగా చేతనయ్యేది కాదు.

ఇక అర్హతలు. పనుల టెండర్లకు కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో ఒక కొలత ఇచ్చింది. మూడేళ్ళ సగటు టర్నోవరు అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలి. ఏడేళ్ళలో అలాంటి పనులు 40 శాతం విలువవి మూడో, 50 శాతానివి రెండో, 80 శాతానిది ఒకటో చేసి ఉండాలి. షరతులు మరీ బిగువుగానూ వద్దు, మరీ వదులుగానూ వద్దంది. మీ పెద్దమనసుకు ఈ ముప్పైలూ నలభైలూ ఏం ఆనుతాయి? మంచాలకే టర్నోవరు అంచనాకు మూడు రెట్లుండాలన్నారు. ఇదివరకు ఏదైనా కేంద్ర సంస్థకు సరఫరా చేసి ఉండాలన్నారు. మరి మొదటి ఆర్డరు ఎవరిస్తారన్న చిల్లర ప్రశ్నను దగ్గరికి రానివ్వలేదు. చిన్న పరిశ్రమలకు బిడ్‌తో పాటు ధరావతు (ఈఎండీ) కట్టే పని ప్రభుత్వం ఎప్పుడో తప్పించింది. ఊరి చివర షెడ్డులో వెల్డింగ్ చేసుకునేవాడికి బిడ్ వేసే పని కూడా తప్పించిన పుణ్యం మీది.

అయినా ఈపాటి పని చేయి తిరిగిన గుమాస్తా ఎవడైనా చేస్తాడు. మీ ప్రతిభ బయటపడేది వెయిటేజీల్లో. క్యాంపస్ విస్తరణకు కన్సల్టెంటును ఎంచుకున్న వైనం ఎక్కడైనా పాఠంగా పెట్టాలి. నాణ్యతకు 70, ధరకు 30. నియమావళి నాణ్యతకు 80 దాకా ఒప్పుకుంటుంది, మీరు పది వదులుకున్నారు. నిగ్రహమంటే అదీ! మొదటి సంస్థ కోటీ నలభై లక్షలు అడిగింది, రెండోది కోటి. అనుభవం, సిబ్బంది, పని పద్ధతి కలిపి 80 మార్కులైతే ఇద్దరికీ సమానంగా 73 వచ్చాయి. మిగిలిన 20 ప్రెజెంటేషన్‌వి. అందులో మొదటివారికి 19, రెండోవారికి 5. ఆపైన లెక్క దానంతటదే నడిచింది. నాణ్యతలో 92, 78. ధరలో, తక్కువ అడిగినవారికి నూరు లెక్కన, 71.43, 100. రెండూ కలిపి తూస్తే 85.83, 84.6. మొదటివారు గట్టెక్కారు. అరగంట స్లైడ్లు నలభై లక్షలు పలికాయి. అదే 60:40 పెట్టి ఉంటే రెండోవారు 86.8తో, మూడు మార్కుల పైచిలుకు తేడాతో గెలిచిపోయేవారు. ఎంత గండం తప్పింది!

ఆ పట్టిక చూసి ఆడిట్ వారికి నోట మాట రాలేదట. రాదు మరి, రెండో దశాంశ స్థానం దాకా ఎక్కడా తప్పు లేదు. 19, 5 ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది లెక్కల సబ్జెక్టు కాదు.

ఏమేం అడగకూడదో తెలియడం మరీ గొప్ప. మంచం బోల్టు వదులైతే ఎవరొస్తారు, చెప్పిన తేదీకి సరుకు దిగుతుందా, కిందటిసారి ఇచ్చిన మంచాలు ఎలా ఉన్నాయి? వీటిలో ఒక్కదానికీ మీ పట్టికలో గడి లేదు. కిందటిసారి మంచాలు హాస్టల్ మెట్ల కింద కాళ్ళు పైకెత్తి పడున్నాయి. అవి సరఫరా చేసినందుకు మీరిచ్చిన సర్టిఫికెట్టే ఈసారి ఆ కంపెనీకి అనుభవ పత్రమైంది. మంచం విరిగినా కాగితం విరగలేదు.

వచ్చే నెల మెస్ టెండరు పిలుస్తున్నారని విన్నాం. ఇలాంటి సేవల్లో ధర కాని అంశాల వెయిటేజీ 30 శాతం దాటకూడదని ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో గీత గీసింది. మీ చేతికి ముప్పై చాలదూ? వండించి, రుచి చూసి మార్కులేద్దామని కొత్త సభ్యుడెవరో అన్నాడట. ఒప్పుకోకండి. రుచి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఆడిట్‌కు నిలవదు. ప్రెజెంటేషనే ఉంచండి. స్లైడ్లో సాంబారు ఎప్పుడూ చిక్కగానే ఉంటుంది.