ముక్కుకు ముడుపు

హైదరాబాదులో ఒక భవనం శుభ్రంగా ఉందో లేదో తేల్చే సర్వాధికారాలూ ముక్కువే. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఫినాయిల్ గుప్పున కొడితే మూడో అంతస్తు శుభ్రం. కారిడార్లో నిమ్మకాయ వాసన వస్తే ఐదో అంతస్తు మరీ శుభ్రం. బాత్రూం దాకా వెళ్లేసరికి కళ్లు మండి నీళ్లు కారాయంటే ఇక చెప్పనక్కర్లేదు, ఆ మేనేజ్‌మెంటుకు దండం పెట్టి రావాలి. ఏ వాసనా రాకపోతే? ఆ రోజు పని జరగలేదని సూపర్‌వైజర్ కేకలు. నిజానికి శుభ్రమైన చోట ఏ వాసనా ఉండకూడదు. కానీ లేనిదానికి బిల్లు ఎలా పెడతారు?

ఆ నిమ్మవాసన సంగతి కాస్త చెప్పాలి. దానికి మూలం లిమోనిన్ అనే పదార్థం. అది గదిలో ఉండే ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్‌లో ఉండేదీ అదే. పరిమాణం తక్కువే, కంగారు పడకండి. ఉద్యోగుల్ని పదికాలాల పాటు నిలవ ఉంచుకోవాలని యాజమాన్యం ముచ్చటపడితే మనం కాదనడం ఎందుకు?

బాత్రూం తలుపు వెనక ఒక కాగితం వేలాడుతుంటుంది. గంటకో గడి, గడికో సంతకం. తెలుగు నేల మీద ఇంత క్రమశిక్షణతో నిండే రిజిస్టరు మరొకటి లేదు. సాయంత్రం ఆరు గంటల గడిలో పడాల్సిన సంతకం పొద్దున పదింటికే పడి ఉంటుంది. భవిష్యత్తును ఇంత ధీమాగా చెప్పగలిగేది పంచాంగం తర్వాత ఈ కాగితమే.

ఇక మాప్ గారి దినచర్య. పొద్దున్నే టాయిలెట్లో స్నానం చేసి, కారిడార్ మీదుగా పాదయాత్ర చేసి, మధ్యాహ్నానికి ప్యాంట్రీ చేరుకుంటారు. అప్పటికి బకెట్లో నీళ్లు ఆ ప్యాంట్రీలో పోసే టీ రంగుకు తిరిగి ఉంటాయి. టాయిలెట్లకు ఎర్ర గుడ్డ, వంటగదికి ఆకుపచ్చ గుడ్డ అని కాంట్రాక్టు కాగితాల్లో రంగుల పట్టిక ఒకటి ఉంటుంది. అమలులో మాత్రం సర్వవర్ణ సమానత్వం. ఆ బకెట్లో ఎంత మందు పోసినా లాభం లేదు, క్రిమిసంహారిణి మురికి మీద పనిచేయదు. బ్లీచింగ్ ద్రావణం ముందు ఆ మురికితోనే పోట్లాడి తన బలమంతా అక్కడే ఖర్చు పెట్టేస్తుంది, క్రిముల జోలికి వెళ్లేసరికి దాని దగ్గర ఏమీ మిగలదు. ముందు సబ్బు నీళ్లతో మురికి వదిలించాలి, తర్వాత మందు రాయాలి, రాసింది డబ్బా మీద చెప్పినంత సేపు తడిగా ఉండాలి. చాలా డబ్బాల మీద ఉండేది పది నిమిషాలు. మనం ఇచ్చేది పది సెకన్లు. డబ్బా మీది అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి, భూతద్దం కొనుగోలుకు బడ్జెట్ లేదు.

పైగా వాసన ఘాటుగా రావాలని టాయిలెట్ క్లీనర్‌లో బ్లీచు కలుపుతారు. మొదటి దాంట్లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్. కలిస్తే క్లోరిన్ వాయువు. 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దీన్నే. మనం కిటికీ లేని ఆరడుగుల గదిలో, మాస్కు లేకుండా, అవుట్‌సోర్సింగ్ జీతానికి పనిచేసే ఆడమనిషి మీదికి వదులుతున్నాం. "రెండు మూతలు ఎక్కువెయ్యకుంటే వాసన రాదు సార్, వాసన రాకుంటే పని చెయ్యలేదంటరు" అంటుంది ఆమె, దగ్గుకూ దగ్గుకూ మధ్య. ఆ దగ్గుకు రిజిస్టర్లో గడి లేదు.

ముక్కు మహర్దశ చూసింది 2020లో, కరోనా రోజుల్లో. ఏప్రిల్ మొదట్లో తమిళనాడులోని తిరుప్పూరు మార్కెట్ ముందు ఒక సొరంగం వెలిసింది. లోపల నడిస్తే మనిషి మీద మందు తుంపర. కొద్ది రోజుల్లోనే మన రైతుబజార్ల ముందూ ఆఫీసుల ముందూ అలాంటి సొరంగాలే, వాటికి రిబ్బను కత్తిరింపులు. అదే నెల 18న కేంద్ర ఆరోగ్య శాఖ, మనుషుల మీద ఇలా చల్లకండి బాబూ, లాభం లేకపోగా హాని అని చెప్పింది. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే మాట చెప్పి, వీధుల్లో చల్లడమూ దండగే అంది. మరుసటి ఏడు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క తేల్చింది: వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే రోగం సోకే అవకాశం 10,000లో ఒకటి కంటే తక్కువ. వైరస్ గాల్లో తిరుగుతుంటే మనం లిఫ్టు బటన్లు తోముతూ కూర్చున్నాం. వాసన తెలియకుండా పోయే జబ్బుకు కూడా వాసన కొట్టే మందే వాడిన ఘనత మనది. కిటికీ తెరవమంటే మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. దానికి టెండరు పిలవలేం, రిబ్బను కత్తిరించలేం, ఫొటోలో గాలి పడదు.

గాలి మాట కొత్తది కాదు. 1858లోనే మ్యూనిక్‌లో మాక్స్ వాన్ పెట్టెన్‌కోఫర్ అనే పెద్దమనిషి గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచి, పది లక్షల భాగాలకు 1,000 దాటితే గది గాలి బాగాలేనట్టే అన్నాడు. ఆరుబయట ఇప్పుడు సుమారు 420 ఉంటోంది. మరి మాదాపూర్ అద్దాల మేడలో, తెరుచుకోని కిటికీల వెనక, పన్నెండు మంది కూర్చున్న మీటింగ్ హాల్లో? గోడకు తగిలించిన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తెస్తుందని చాలామంది భ్రమ. అది ఉన్న గాలినే చల్లబరిచి తిప్పి తిప్పి మన మొహాన కొడుతుంది. అంకె 2,000కు చేరిందంటే, మీరు పీల్చే పాతిక ఊపిరుల్లో సుమారు ఒకటి అప్పటికే ఇంకొకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చినది. బాసుతో ఒకే మాట మీద ఉండటం కష్టం గానీ, ఒకే ఊపిరి మీద ఉండటం ఇంత సులువు. మూడింటికి అందరికీ కునుకు పడితే నింద బిర్యానీకి.

ఇక ఇంటి సంగతి ముట్టుకుంటే దోమకి కూడా కోపం. 2003లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానం. ఇంట్లో సిగరెట్ వాసన వస్తే అగ్గి మీద గుగ్గిలం అయ్యే నాన్నగారే రాత్రి పడగ్గది తలుపులన్నీ బిగించి కాయిల్ ముట్టిస్తారు. మా నాయనమ్మ చీపురు పట్టేముందు వాకిట్లో నీళ్లు చిలకరించేది, దుమ్ము లేవకూడదని. ఆమె మనవలం ఏసీ గదిలో పొడి చీపురు ఆడించి, లేచిన దుమ్మంతా సాయంత్రానికి మళ్లీ సోఫా మీద కుదురుగా కూర్చున్నాక రూమ్ ఫ్రెషనర్ కొడతాం. పైన పటారం, లోన లొటారం, మధ్యలో లావెండర్.

ఈమధ్య ఒక మిత్రుడి ఆఫీసులో ఉద్యోగులు గోల చేస్తే గాలి కొలిచే మీటరు కొన్నారు. మీటింగ్ హాల్లో పెట్టారు. భోజనాల తర్వాత అది 2,100 చూపించి, ఎర్ర లైటు వెలిగించి కుయ్యోమంది. ఫెసిలిటీస్ మేనేజరు గారొచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, చైనా సరుకని కొట్టిపారేశారు. ఇంకొకటి తెప్పించారు. అదీ 2,100 అంది. దాంతో కమిటీ కూర్చుంది, అదే హాల్లో, తలుపులు వేసుకుని. విచారణలో తేలిందేమిటంటే, బయటి గాలిని లోపలికి తెచ్చే డక్టు భవనం కట్టినప్పుడే పెట్టారు, కరెంటు బిల్లు తగ్గుతుందని తర్వాత ఎవరో దాన్ని మూసేశారు. తెరిస్తే బిల్లు పెరుగుతుంది. కమిటీ ఆలోచించి ఆలోచించి, మీటరును కిందికి, మెయిన్ గేటు పక్కన సెక్యూరిటీ గార్డు కుర్చీ దగ్గరికి మార్చింది. అక్కడ 430. రోజూ పొద్దున ఆ అంకెను ఫొటో తీసి, చప్పట్ల బొమ్మ జతచేసి అందరికీ వాట్సాప్‌లో పంపుతున్నారు. హెడ్డాఫీసు నుంచి అభినందన పత్రం కూడా వచ్చింది. దానికి పెద్ద ఫ్రేము కట్టించి మీటింగ్ హాల్లోనే తగిలించారు, సరిగ్గా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం మీద.