కాలువలో పడ్డ బండ గురించి కమిషనర్ గారికి

మహారాజశ్రీ మునిసిపల్ కమిషనర్ గారి దివ్య సముఖమునకు,

మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు పెట్టుకుని బతుకుతున్న ఒక పన్ను చెల్లింపుదారుడు నమస్కరించి వ్రాసుకున్న బహిరంగ లేఖ.

విషయం: నా కొట్టు ముందు మురిక్కాలువ మీది కడప బండ.
సూచిక: వెయ్యి రూపాయల జరిమానా రసీదు, తమ ఆఫీసు ముద్రతో సహా.

అయ్యా, పట్టణాన్ని సుందరంగా తీర్చిదిద్దాలని తమరు కంకణం కట్టుకున్నందుకు ముందుగా అభినందనలు. ఆ సుందరీకరణ నా కొట్టు మెట్టుతోనే మొదలవడం నా పూర్వజన్మ సుకృతం. మంగళవారం తెల్లవారుజామున, పాల ప్యాకెట్ల ట్రేలు ఇంకా లోపల పెట్టుకోకముందే జేసీబీ వచ్చింది. వెంట వార్డు ప్లానింగ్ సెక్రటరీ బాబు, ఆయన చేతిలో టేపు. కాలువ మీద బండ ఉండాల్సినదానికంటే రెండంగుళాలు ఎక్కువ ఉందట. ఆ రెండంగుళాలూ కోయించేస్తాను బాబూ, మధ్యాహ్నం దాకా ఆగండి అన్నాను. ఆయన ఏదో అనబోయేలోపే డ్రైవరు ఒక్క పోటు పొడిచాడు. బండ రెండు ముక్కలై కాలువలో పడింది. ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు వేంచేశారు. కాలువలో బండ ముక్కలు అడ్డుపడి మురుగు ఆగిపోయిందనీ, అందుకు బాధ్యుణ్ణి నేనేననీ తేల్చి, వెయ్యి రూపాయలు రాశారు. పగలగొట్టింది మీరు, కాలువలో పడేసింది మీరు, జరిమానా నాకు! పోనీ నేనే తీయిస్తానని మనిషిని పిలిస్తే, అనుమతి లేకుండా కాలువలో దిగకూడదని కూడా ఆయనే అన్నారు. ఇదెక్కడి న్యాయమండీ? మనుషులు చేసే పనేనా ఇది?

క్షమించాలి, గొంతు పెరిగింది. మళ్లీ మర్యాదలోకి వస్తాను.

నా కొట్టుకు ఎదురుగా రోడ్డవతల వెలసిన మూడంతస్తుల మార్టు తమ దృష్టికి రాకపోదు. దాని ప్లానులో సెల్లారంతా పార్కింగని రాసి ఉంది. పార్కింగుకు చూపించిన సెల్లారును వేరే పనికి వాడకూడదని 2017 బిల్డింగ్ రూల్సు చెబుతున్నాయి. ఒక్కసారి దిగి చూడండి. నూనె డబ్బాలు, బాస్మతి బస్తాలు, చీపుళ్ల కట్టలు పైకప్పు దాకా. బండి పెట్టుకుందామని దిగినవాణ్ణి సెక్యూరిటీ మనిషి ఈల వేసి పైకి తోలేస్తాడు. పైన ఉన్నది రోడ్డే కదా. ఆదివారం సాయంత్రం కార్లు మలుపు దాకా రెండు వరసల్లో నిలబడతాయి, 108 అంబులెన్సు వచ్చినా పక్కకు జరగడానికి చోటుండదు. ట్రాఫిక్‌కు అడ్డం నా రెండంగుళాలేనన్నమాట! టేపు అవతలి గట్టు దాకా అందదు కాబోలు.

నా పక్కన జామకాయల బండి పెట్టుకునే ఆవిడ సంగతి ఇంకా విచిత్రం. ఆవిడకు గుర్తింపు కార్డిచ్చింది మీరు. స్వనిధి పథకం కింద మొదటి విడత పది వేలు అప్పు ఇప్పించింది మీ మెప్మా వాళ్లు. ఆ డబ్బుతో కొన్న బండిని ట్రాక్టరెక్కించుకుపోయిందీ మీ వాళ్లే. వీధి వ్యాపారుల్ని కదల్చాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2014 చట్టంలో ఉంది. ఆవిడకు అందిన నోటీసు జేసీబీ హారనొక్కటే. బండి మీ కాంపౌండులో, వాయిదా ఆవిడ నెత్తిన.

రేట్ల సంగతి తమ పరిధిలోది కాదని తెలుసు. కాదని ఊరుకుంటే ఆగేది కాదు నా కడుపుమంట. సబ్బుల పెట్టె డిస్ట్రిబ్యూటరు నాకు వేసే రేటు కంటే మార్టువాడు బేరానికి అమ్మే రేటు తక్కువ. లైన్ సేల్స్‌మన్ కుర్రాడు ఆర్డరు రాసుకుంటూనే, “అక్కడే కొనుక్కోండి బాబాయ్, మీకే లాభం” అని గొంతు తగ్గించి చెబుతాడు. కొంటున్నాను కూడా. బిల్లుకు నాలుగు నూనె ప్యాకెట్లే ఇస్తారు కాబట్టి నేనో లైను, మా అబ్బాయో లైను, కొట్లో కుర్రాడో లైను. డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్యే 2021 చివర్లో కంపెనీల మీద తిరగబడింది, పెద్ద సంస్థలకొక రేటు, మాకొక రేటా అని. 2012 సెప్టెంబరులో చిల్లర వర్తకంలోకి 51 శాతం దాకా విదేశీ పెట్టుబడిని రానిస్తామంటే షట్టర్లు దించి బంద్ చేశాం. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం మాత్రం సరేనంది. తీరా ఆ విదేశీవాడు మా ఊరి మొహం చూడలేదు. వచ్చినవాడు మనవాడే. మనవాడి మీద బంద్ ఎలా చేస్తాం?

కవర్ల మందం 120 మైక్రాన్లు లేదని మొన్న వేసిన జరిమానా కూడా కట్టాను. దాని గురించి మాట్లాడను.

నేను చెప్పొచ్చేదేమంటే, నెలసరుకు వేయించుకునేవాళ్లంతా ఎప్పుడో మార్టుకు పోయారు. పోనివ్వండి, నాలుగు రూపాయలు కలిసొచ్చే చోటికి ఎవరైనా పోతారు. నాకు మిగిలింది అక్కడికి పోలేనివాళ్లు. రూపాయి షాంపూ కోసం వచ్చే పిల్లలు, ఒకటో తారీఖున ఇస్తానని ఖాతా రాయించుకునేవాళ్లు, మూడంతస్తులు ఎక్కలేని ముసలివాళ్లు. సరిగ్గా వీళ్లే ఆ కాలువ దాటలేనిది. మోకాళ్ల నొప్పుల మామ్మగారొకరు అవతల గట్టున నిలబడి సంచీ చాపుతారు. నేను గడప మీద ఒంగి పావుకిలో కందిపప్పు పొట్లం అందిస్తాను. నిన్న ఆవిడ ఇచ్చిన చిల్లర కాలువలో పడిపోయింది. “పోతే పోయిందిలే నాయనా, రేపిస్తాను” అన్నారు. ఆవిడ దగ్గర రెండోసారి ఎలా తీసుకోను?

2020 లాక్‌డౌన్‌లో మార్టులోకి జనాన్ని గుంపుగా రానివ్వకూడదంటే, ఇదే మునిసిపల్ ఆఫీసు నన్ను పిలిచి పాసు ఇచ్చింది. నా బండ దగ్గర్నుంచి మలుపు దాకా సున్నంతో గుండ్రాలు గీయించింది, ఒక్కో గుండ్రంలో ఒక్కరే నిలబడాలని. ఆ రోజున మీ వాళ్లెవరూ టేపు తేలేదు.

సోమవారం అర్జీ ఇచ్చాను. రిజిస్టరులో ఎక్కించారు. సాయంత్రానికల్లా సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజి వచ్చింది. షట్టరు తీసి చూస్తే ముక్కలు కాలువలోనే ఉన్నాయి, మురుగు గడప దాకా వచ్చింది. బియ్యం బస్తాల కింద ఇటుకలు పెట్టుకున్నాను. అందుకే ఇలా వీధినపడి రాయాల్సి వచ్చింది.

మార్టును మూయించమని నేను అడగడం లేదు. సెల్లారు ఖాళీ చేయించగలరో లేదో మీ ఇష్టం, అక్కడ మీకు ఎవరెవరు ఫోన్లు చేస్తారో నాకు తెలియదు. వెయ్యి రూపాయలు కూడా వెనక్కి వద్దు. ఆ ముక్కలు తీయించండి. ఒక బండ వేసుకోనివ్వండి. ఎంత వెడల్పో మీరే చెప్పండి, రెండడుగులంటే రెండడుగులే. ఖర్చు నాదే. శనివారం సరుకు లారీ వస్తోంది, క్వింటా బస్తాలు నెత్తిన పెట్టుకుని కాలువ దూకమంటే హమాలీలు రామంటున్నారు. దయచేసి శుక్రవారంలోగా ఆ ప్లానింగ్ బాబును ఒక్కసారి పంపండి. కొలిచి గీత గీసి వెళితే చాలు.

ఇట్లు,
ఈ ఏడాది ట్రేడ్ లైసెన్సు ఫీజు గడువుకు ముందే కట్టిన ఒక కిరాణా కొట్టువాడు