ఐదు సెకన్ల నిశ్శబ్దం కావలెను

మా భజన బృందం పాటలు ఇంట్లోనే రికార్డు చేద్దామన్న మాట బయటికొచ్చిన దగ్గర్నుంచీ నా ఫోనుకి విశ్రాంతి లేదు. బెంగళూరు మేనల్లుడు, "మావయ్యా, రీపర్ తప్ప ఇంకో సాఫ్ట్‌వేరు ముట్టుకోకు" అంటాడు. హైదరాబాదులో ఉన్న తమ్ముడి కొడుకు, "పెదనాన్నా, ఎఫ్‌ఎల్ స్టూడియో! ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఉచితం" అంటాడు. పుణె అల్లుడుగారు లాజిక్ ప్రో అన్నారు. అది ఆపిల్ యంత్రాల్లో తప్ప నడవదు. గంట కొనాలంటే ముందు గుడి కట్టించుకోవాలన్నమాట! అల్లుడి మాట కాదనకూడదు కనక "చూద్దాం బాబూ" అన్నాను.

రీపర్ మర్యాద నాకు నచ్చింది. వినాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతి పనే ఇదీ. 60 రోజులు ఊరికే వాడుకోమంటుంది. గడువు దాటినా తలుపు మూసెయ్యదు. తెరిచిన ప్రతిసారీ ఇంకా కొనలేదేమని గుర్తుచేసి, కాసేపు నిలబెట్టి, లోపలికి పంపిస్తుంది. బాకీ ఉన్నవాడికి అంత మర్యాద నేను భరించలేను.

అందుకని పైసా అడగని ఆడాసిటీ దింపుకున్నాను. 2000లో బయటికొచ్చిన పాతకాపు. ఫ్యాను హోరు తగ్గిస్తుంది కూడా. ఎలాగంటే, ఎవరూ పాడకుండా ఉత్త ఫ్యాను మాత్రమే మోగే ముక్క కాస్త దానికి వినిపించాలి. ఓ ఐదు సెకన్లు చాలు. ఆ హోరుని గుర్తుపెట్టుకుని పాటంతా గాలించి తగ్గిస్తుంది.

ఐదు సెకన్లు. ఖరగ్‌పూర్‌లోని మా ఝపటాపూర్‌లో!

హౌరా నుంచి వచ్చిన లైను చెన్నైకొకటి, ముంబయికొకటిగా చీలేది మా ఖరగ్‌పూర్‌లోనే. మైకు పెట్టి ఊపిరి బిగబట్టాను. గూడ్సు కూసింది. అది పోయేదాకా ఆగితే ఎక్స్‌ప్రెస్సు అందుకుంది. రెండూ సద్దుమణిగాయి కదా అని బటను నొక్కితే ఝాల్‌మురీవాడు డబ్బా గిలకరించాడు. వాడు సందు మలుపు తిరిగేసరికి పక్కింటి బౌదీ కుక్కరు. పోనీ రాత్రి చూద్దామంటే, గాలి ఇటు మళ్ళినప్పుడల్లా స్టేషను అనౌన్స్‌మెంటు వినబడుతుంది. బండి ఆలస్యం ఒకటే, చెప్పుకునే విచారం మాత్రం మూడు భాషల్లో. ఫ్యాను హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేరుకి చిక్కుతుంది. రైలు కూత వస్తూ ఒక శ్రుతి, పోతూ ఒక శ్రుతి. అది దేనికీ చిక్కదు. హార్మోనియం బాబాయి మాత్రం చెవి రిక్కించి, "కోరమాండల్ ఇవాళ అర శ్రుతి తగ్గిందిరా" అన్నాడు.

మా 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడుగైనదని చిన్నప్పుడు మురిసిపోయేవాళ్ళం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటిపోయాయి. పొడుగు పోయింది, మోత మిగిలింది. ఆ మోత కూడా హుబ్బళ్ళి పట్టుకుపోతే రుణపడి ఉంటాను.

ఆడాసిటీలో మిగతా హంగులన్నీ ఉన్నాయి. ట్రాకులు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. పాడేవాళ్ళం ముగ్గురం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ పనికొచ్చినవాళ్ళ మనవలం. మా తాతలకి ఉద్యోగం ఇక్కడ దొరికింది, మా పిల్లలకి దొరకలేదు. ఇప్పుడు ఫోన్లో సలహాలిచ్చే మేనల్లుడూ, తమ్ముడి కొడుకూ మా వసారాలో తాళాలు వాయిస్తూ కోరస్ పాడినవాళ్ళే. ఇక్కడే ఉండిపోయిన ఒకరిద్దరు పిల్లలకి తెలుగు పాటని బెంగాలీ అక్షరాల్లో రాసిస్తే చూసి పాడతారు. బాగానే పాడతారు. పరీక్షలున్నాయని మానేస్తారు.

నిన్న మేనల్లుడు మళ్ళీ ఫోను చేశాడు. "ఏది ఖాయం చేశావు మావయ్యా?"

"అది తరవాత. దసరాకి రారాదూ, కోరస్‌కి మనుషులు చాలటంలేదు" అన్నాను.

"కోరస్‌కి మనుషులెందుకు? ఒక గొంతుని ఎనిమిది గొంతులు చేసే ప్లగిన్ ఉంది. లింకు పంపుతాను" అన్నాడు.

పంపాడు కూడా.