కొర్లగుంట శ్రుతిపెట్టె

పుట్టింది బెంగళూరు. గొంతు బొంగురుపోయింది మాత్రం తిరుపతి కొర్లగుంటలో, సంగీతం అయ్యవారింట్లో. నా పని మహా చిన్నది. మీట నొక్కితే స, ప, స అని మోగుతూ కూచోవడం. శిష్యులు ఎంత అపస్వరం పాడినా ఒక్క మాట అనను. షడ్జమం ఇక్కడుంది, రావాల్సింది నువ్వు అంటాను, అంతే.

అయ్యవారు ఎస్వీ సంగీత కళాశాలలో చదువుకున్నాయన. అన్నమయ్య పాట ఎత్తుకునే ముందు పిల్లలకు ఒక సంగతి చెప్పేవారు. రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. మాట నిలిచింది, బాణీ పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు పోయిన శతాబ్దంలో ఆ మాటలకు మళ్లీ బాణీలు కట్టారు.

ఆ ఇంట్లోనే మనవడు ర్యాపర్ అయ్యాడు. చిత్తూరు మాటలు గుక్క తిప్పుకోకుండా వదిలేవాడు. తలుపుకు దుప్పట్లు కట్టి అదే గదిని స్టూడియో చేసుకున్నాడు. మొదటి ఆల్బమ్ దగ్గరికొచ్చేసరికి వాడికి బుద్ధి మారింది.

"ఇంగ ఊరికే చెప్పేది లేదు తాతా, పాడతా."

"పాడేదానికి గొంతుండాల కదరా?"

"ల్యాప్‌టాప్‌లో ఉండాది తాతా."

వాడి ల్యాప్‌టాప్‌లోని ఆటోట్యూన్ నాకు వరసకు ఏమవుతుందో తెలీదు గానీ దాని పుట్టుక వింటే ఆశ్చర్యమేసింది. ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఆయన నేల కింద చమురు ఎక్కడుందో వెతకడానికి భూమిలోకి శబ్దాలు పంపి, తిరిగొచ్చిన అలల లెక్క కట్టేవాడు. ఆ గణితంతోనే మనిషి గొంతు ఏ స్థాయిలో ఉందో పట్టుకుని దిద్దవచ్చని 1997లో ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. దిద్దే వేగం తగ్గించి వాడితే దిద్దినట్టే తెలియదు. పూర్తిగా పెంచితే గొంతు స్వరం నుంచి స్వరానికి టక్కున దూకుతుంది. 1998లో షేర్ పాడిన 'బిలీవ్'లో వినబడింది ఆ దూకుడే. దాని నిర్మాతలు మొదట్లో అది వేరే యంత్రమని బుకాయించారు కూడా.

మనవడి దేవుడు మాత్రం టీ-పెయిన్. అమెరికాలో ఫ్లోరిడా కుర్రాడు, ర్యాప్ బృందం నుంచి వచ్చినవాడు. 2005 డిసెంబరులో తొలి ఆల్బమ్‌కి 'రప్పా టర్న్‌ట్ సాంగా' అని పేరు పెట్టి, ర్యాపర్ని గాయకుణ్ణయ్యానని అట్ట మీదే చాటుకున్నాడు. దాచుకోవాల్సిన యంత్రాన్ని ముందుకు తెచ్చి నిలబెట్టాడు. తప్పు దిద్దుకోవడానికి కాదు, గొంతుకు కొత్త రంగు కోసం. 2008లో కాన్యే వెస్ట్ ఒక ఆల్బమంతా ఆ దారిలోనే పాడాడు. 2009లో జే-జీ ఆటోట్యూన్‌కి చావు పాటే రాశాడు. పాడటం రానివాడి ఊతకర్ర అన్న వెక్కిరింతలు టీ-పెయిన్ చాలానే పడ్డాడు. 2014లో ఒక రేడియో సంస్థ ఆఫీసులో, పక్కన కీబోర్డు ఒక్కటే పెట్టుకుని ఏ యంత్రమూ లేకుండా పాడి వినిపించాడు. గొంతు నిక్షేపంగా ఉంది.

ఆ వీడియో చూసి అయ్యవారు మెత్తబడ్డారు. "మన భారతం మిట్టకాడ దాసుగారు చేసేదీ ఇదే కదరా. వచనం చెప్తా చెప్తా పద్యంలోకి ఎక్కేస్తాడు, ఎక్కడ ఎక్కినాడో తెలీదు" అన్నారు. ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం విని పెరిగిన మనిషి మరి.

ఒక సాయంత్రం ఆయనే మైకు ముందు కూచున్నారు. ఒకటిన్నర శ్రుతిలో నేను మోగాను. తోడి ఎత్తుకున్నారు. తోడిలో గాంధారం నిలబడి ఉండేది కాదు. రిషభం వైపు దిగుతూ, మధ్యమం వైపు ఎగుస్తూ ఊగుతుంది. ఆ ఊపే తోడి. మనవడు వేగం మొత్తం పెంచి వినిపించాడు. వాడు పెట్టిన అమరికలో ఆటోట్యూన్‌కి తెలిసినవి పన్నెండు స్థానాలే, మధ్యలోదేదీ దానికి పట్టదు. గమకం కాస్తా మెట్లుగా తెగిపోయింది. నాకైతే ఒళ్లు మండింది. నేను ఎన్నేళ్లు మోగినా ఒక్కరి గొంతునూ లాగి కూచోబెట్టలేదు.

అయ్యవారు మళ్లీ పెట్టమన్నారు. ఇంకోసారి పెట్టమన్నారు.

"ఇది తోడి కాదురా."

"తెలుసు తాతా. బాగుందా లేదా?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆ ముక్కే ఆల్బమ్‌లో మూడో పాటకు పల్లవి వెనక చేరింది. "పెట్టుకో. నా పేరు మాత్రం రాయబాకరా" అన్నారు.

నా పేరు ఎవరూ అడగలేదు. పైగా మిక్సింగ్‌లో గుయ్యిమంటోందని నన్ను పూర్తిగా తీసేశాడు వాడు.