నవ్వండి, అడ్వాన్సు కట్టేశాం!

చీర పెడితే రంగు నచ్చలేదంటారు. వెండి గిన్నె ఇస్తే తూకం వేయిస్తారు. అందుకే బుద్ధిమంతులంతా ఇప్పుడు ఫోటోషూట్ కానుకగా ఇస్తున్నారు. ఇందులో మీరు పెట్టేది డబ్బొక్కటే. పట్టుబట్టలు, నగలు, మేకప్పు, ఆఫీసుకి సెలవు, ప్రయాణం, చెమట అన్నీ పుచ్చుకునేవాళ్ళవే. కాకపోతే పద్ధతి తెలిసి ఇవ్వాలి.

ముందుగా ఫోటో అంటే సిగ్గుపడి చచ్చే మనిషిని వెతికి పట్టుకోండి. కెమెరా ముందు హుషారుగా నిలబడేవాళ్ళకిస్తే వాళ్ళు సంతోషిస్తారు, అంతటితో అయిపోతుంది. ప్రతి పెళ్ళి గ్రూపు ఫోటోలోనూ వెనక వరసలో స్తంభం చాటు చూసుకునే బాబాయి ఉంటాడు చూడండి, ఆయన శ్రేష్ఠం. ముందుగా చెప్పకండి. పొద్దున్నే లుంగీ మీద పేపరు చదువుకుంటూ ఉండగా ముగ్గురు కుర్రాళ్ళు గొడుగులూ లైట్లూ మోసుకుంటూ హాల్లోకి రావాలి. అప్పుడాయన ముఖంలో కనిపించేదే అసలైన క్యాండిడ్.

కోడలికి సీమంతం షూట్ ఇస్తే మీ వైపు నుంచి కనీసం పదిమంది వెంట వెళ్ళండి. ఆ అమ్మాయి బిడియపడితే "ఇంట్లోవాళ్ళమేగా" అనండి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, మగవాళ్ళ కంటపడే పని లేకుండా ఒక ఇంగ్లీషు ఆవిడ చేత ఫోటోలు తీయించాడట. ఫోటో దిగేవాళ్ళ ఇష్టాయిష్టాలు అంతగా పట్టించుకున్న మనిషి వ్యాపారం ఎలా చేశాడో మరి!

అమ్మానాన్నల షష్టిపూర్తికైతే ప్రీవెడ్డింగ్ షూటే ఇవ్వాలి. వాళ్ళ పెళ్ళినాటిది ఊళ్ళో స్టూడియోలో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒక్కటే ఉంటుంది. ఆయన కుర్చీలో, ఆవిడ పక్కన నిలబడి, వెనక తెర మీద మెట్లూ పూలకుండీ, ఇద్దరి ముఖాల్లోనూ నవ్వన్నది లేదు. పాపం, ఆ లోటుతోనే ఇన్నేళ్ళూ కాపురం చేసేశారు. వాళ్ళని అర్ధరాత్రి లేపి లంబసింగి తీసుకెళ్ళండి. మంచు కావాలంటే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. మోకాళ్ళ నొప్పులకీ అదే సీజను. అమ్మకి బారెడు కుచ్చిళ్ళ ట్రైల్ గౌను అద్దెకి తెప్పించండి. దాన్ని గాల్లోకి ఎగరేసి చటుక్కున పక్కకి తప్పుకోవడానికి ఒక అసిస్టెంటు ఉంటాడు. "ఆంటీ కళ్ళల్లోకి చూడండి అంకుల్" అంటాడు ఫోటోగ్రాఫరు. అంకుల్ వాచీ వైపు చూస్తారు. ఇంకోసారి అనమనండి. ఇంకోసారి కూడా.

వేళ విషయంలో ఫోటోగ్రాఫరు మాట వినొద్దు. పొద్దెక్కకముందో, పొద్దు వాలాకో వెలుగు మెత్తగా ఉంటుందంటాడు. మనం రాహుకాలం, యమగండం, వర్జ్యం, దుర్ముహూర్తం తీసేసుకుంటూ వెళ్తే మిట్టమధ్యాహ్నం మిగులుతుంది, దాన్నే ఖాయం చేయండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కళ్ళ గుంటల్లోనూ ముక్కు కిందా నల్లటి నీడ పడుతుంది. ఎవరైనా నాలుగు రోజులు నిద్రలేనట్టు కనిపిస్తారు. మీ వల్ల ఆ మాటా నిజమయ్యే ఉంటుంది.

ఇక బిడ్డ పుట్టిన ఇల్లు. పసివాళ్ళు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతూ ఎలా ముడిస్తే అలా ముడుచుకునేది మొదటి రెండు వారాలేనని న్యూబార్న్ షూట్లు చేసేవాళ్ళంటారు. అంటే ఇంట్లో పురుడు తేలలేదు, బాలింత చెవుల్లో దూది తీయలేదు, అమ్మమ్మ పూటపూటా దిష్టి తీస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే వోచరు పట్టుకెళ్ళండి. "బారసాల కానీ నాయనా" అని వాళ్ళంటే, గడువు దాటితే డబ్బు వెనక్కి రాదని నిక్కచ్చిగా చెప్పండి. చిన్ని చేతుల మీద గడ్డం ఆన్చుకుని నిద్రపోతున్న బిడ్డ ఫోటో ఒకటి ఫోన్లో చూపించి అచ్చం ఇలాగే రావాలనండి. నిజానికి అది రెండు ఫోటోల అతుకు. ఒకదాంట్లో తలని, ఇంకోదాంట్లో చేతుల్ని పెద్దవాళ్ళు పట్టుకునే ఉంటారు, ఆ పెద్ద చేతుల్ని తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. ఈ సంగతి అమ్మమ్మ దగ్గర ఎత్తకండి. "ఆ మాత్రం దానికి బిడ్డనెందుకు కదపడం, మొత్తం కంప్యూటర్లోనే చేయించుకోండి" అంటుంది. ఆవిడ మాటకి మన దగ్గర జవాబు లేదు.

షూట్ అయ్యాక ఫోటోగ్రాఫరు వందలకొద్దీ ఫోటోల లింకు పంపి, ఆల్బమ్‌కి కావలసినవి ఏరమంటాడు. సెలెక్షను బాధ్యత ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకి అప్పగించండి. పెద్దత్తయ్య తను బాగా పడ్డవన్నీ ఏరుతుంది. వాటన్నిట్లోనూ చిన్నత్తయ్య కళ్ళు మూసుకునే ఉంటుంది. ఆర్నెల్లు గడుస్తాయి. ఆల్బమ్ రాలేదని తిట్టాల్సింది మాత్రం ఫోటోగ్రాఫర్నే. సైజులో పిసినారితనం వద్దు, 12×36 కరిజ్మా చెప్పండి. తెరిస్తే మూడడుగుల వెడల్పు. అది బీరువాలో పట్టాలంటే ఒక అర చీరలు బయటికి రావాలి, రానివ్వండి.

చివరగా చట్టం. మన 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, డబ్బిచ్చి తీయించినవాళ్ళే ఆ ఫోటోకి తొలి హక్కుదారు. అడ్వాన్సు మీది కాబట్టి గౌనులో వణుకుతున్న మీ అమ్మగారి ఫోటో మీద కాపీరైటూ మీదే. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించండి. మూలన మీ ముఖం కూడా వేయించండి. అమ్మ వద్దంటే సెక్షను చదివి వినిపించండి.

ఆల్బమ్ చేతికొచ్చాక మొదటి పేజీ తిప్పి, సమర్పణ అన్నచోట బంగారు అక్షరాల్లో మీ పేరు పడిందో లేదో చూసుకోండి. పడకపోతే బ్యాలెన్సు కట్టొద్దు.