కావేరిని గోదావరి చేసిన కంపెనీ

గోదావరి, కావేరిలను కలపాలని ప్రభుత్వాలు ఏండ్ల తరబడి ఫైళ్లు కదుపుతూనే ఉన్నాయి. ఏఎండీ అనే అమెరికా కంపెనీ ఆ పని పదహారు నెలల్లో ముగించింది. కాల్వ తవ్వలేదు, ఏ రాష్ట్రంతోనూ గొడవ పడలేదు.

2014 జనవరిలో ఆ కంపెనీ ‘కావేరి’ అనే సంకేతనామంతో ప్రాసెసర్లు తెచ్చింది. 2015 మేలో ‘గోదావరి’ వచ్చింది. విప్పి చూస్తే అదే 28 నానోమీటర్ల తయారీ, అవే నాలుగు స్టీమ్‌రోలర్ కోర్లు. పెద్ద మోడల్‌లో మూల వేగం 3.7 గిగాహెర్ట్జ్ నుంచి 3.9కి, గ్రాఫిక్స్ వేగం 720 మెగాహెర్ట్జ్ నుంచి 866కి పెరిగాయి. దేవాదుల ఎత్తిపోతల నీళ్ల కోసం ఎదురుచూసే మా పాలకుర్తి దిక్కు రైతుకు తెలిస్తే, కావేరి నీళ్లకే గోదావరి పేరు పెట్టుకుంటే సరిపోయేది కదా, ఇన్ని మోటార్లెందుకు అని అడుగుతాడు.

బీటెక్‌లో చేరిన బిడ్డకు ల్యాప్‌టాప్ కొందామని తండ్రి హన్మకొండ పోతాడు. “ఎన్నో జనరేషన్ కావాలె అన్నా?” అంటాడు షాపు పిల్లగాడు. అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదని నమ్మి, ఆయన “పెద్దదే చూపియ్యి తమ్మీ” అంటాడు. ఆ నమ్మకం మీదనే, పాత సరుకుకు కొత్త పేరు పెట్టే ఈ వ్యాపారమంతా నిలబడింది.

నిజంగా కొత్త ప్రాసెసర్ పుట్టాలంటే ఏండ్లు పడుతుంది. మొదట ఆర్కిటెక్చర్ ఆలోచిస్తారు, దాన్ని కోడ్‌గా రాస్తారు. ఆ కోడ్‌లో తప్పులు పట్టే వెరిఫికేషనే ఇంజినీర్ల రాత్రులు మింగేది. కోట్ల ట్రాన్సిస్టర్లకు చోటు కుదిర్చి, టేపౌట్ చేసి, అంటే తుది డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపి, అక్కడి నుంచి మొదటి చిప్ వచ్చినంక బయటపడ్డ తప్పులు దిద్ది మళ్లీ పంపుతారు. హైదరాబాద్ డిజైన్ కేంద్రాల్లో మన పిల్లలు చేసేది ఈ చాకిరే. వాళ్లను ఏమీ అనను. నా తగాదా డబ్బా మీద అంకె వేసే వాళ్లతోనే.

పాల్కురికి సోమనాథుడికి ఈ మార్కెటింగ్ తెలివి లేకపోయింది. సంస్కృత సమాసాల చంపూ మార్గం ఉండగా కాదని, జనం పాడుకునే ద్విపదలో బసవపురాణం రాశాడు. అంత కష్టమెందుకు? నన్నయ భారతానికే అట్ట మార్చి, రెండో జనరేషన్ అని అమ్ముకుంటే పోయేది.

ఇంటెల్ తక్కువ తిన్నదేం కాదు. 2023 అక్టోబర్‌లో 14వ జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దించింది. 13వ జనరేషన్ 13900కే, 14వ జనరేషన్ 14900కే రెండింటికీ 24 కోర్లే. గరిష్ఠ వేగం 5.8 నుంచి 6 గిగాహెర్ట్జ్ అయింది. 14700కేకి మాత్రం పాతదానికంటే నాలుగు చిన్న కోర్లు ఎక్కువ ఇచ్చారు, అది ఒప్పుకోవాలె. 2024లో 13, 14 జనరేషన్ల డెస్క్‌టాప్ చిప్‌లు కంప్యూటర్లను కూల్చేస్తున్నాయని గోల లేచినప్పుడు అసలు బంధుత్వం బయటపడింది. రోగం ఒక్కటే: చిప్ అవసరానికి మించి వోల్టేజీ అడగడం. మందూ ఒక్కటే: మైక్రోకోడ్ సవరణ. రెంటికీ వారంటీ ఇంకో రెండేండ్లు పొడిగించారు. డీఎన్ఏ పరీక్ష ఇంతకంటే స్పష్టంగా చెప్పదు.

ఏఎండీ ల్యాప్‌టాప్ అంకెలైతే జాతకమే. రైజెన్ 5 7520యూలో మొదటి 7 అంటే 2023 సంవత్సరపు సరుకని. లోపలున్న కోరు జెన్ 2 అనే డిజైన్, 2019 నాటిది. ఆ సంగతి మూడో అంకె 2లో ఉంది. దాచారని ఎవరూ అనలేరు, చదివేందుకు పంచాంగం కూడా కంపెనీయే ఇచ్చింది, కొనేవాడు దాన్ని చూస్తేనే కదా.

14 తర్వాత 15 వస్తుందని ఎదురుచూసిన వాళ్లకు ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో ఒకటి నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. 2024 జనవరిలో ‘కోర్ 7 150యూ’ వచ్చింది, సిరీస్ 1 అన్నారు. లోపల ఉన్నది ఆ 13, 14 జనరేషన్ల రాప్టర్ లేక్ కుటుంబమే.